ఆలస్యంగా వచ్చిన ఆడపడుచు

డ్రైవింగ్ స్కూల్లో ఆమెని అందరూ బ్రేకు మేడమ్ అనేవాళ్ళు. కారు నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, దాన్ని ఆమె ఎప్పుడు తొక్కేదో పక్కవాళ్ళకి తెలిసేది కాదు. కారు మాత్రం గోడకి జానెడు దూరంలో బుద్ధిగా ఆగిపోయేది. తలకి స్కార్ఫు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం. "గేరు మారుస్తున్నారా, పిండి పిసుకుతున్నారా?" అనేది. తిట్టించుకున్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

రైల్వే స్టేషన్లో బాంబు పేలిందని ఆఫీసు టీవీలో చూసినప్పుడు అందరితో పాటు ఆమె కూడా "అయ్యో" అంది. ఆ అయ్యో వెనకాలే ఇంకో మాట మనసులోకి దూరింది. 'దేవుడా, ఆ బాంబు పెట్టినవాడు మావాడు కాకుండా చూడు.' అనుకున్న మరుక్షణం సిగ్గేసింది. అక్కడ మనుషులు పోతుంటే తను పేరు గురించి బెంగపడుతోంది.

సాయంత్రానికి వాడి పేరు బయటికొచ్చింది. తనవాళ్ళ పేరే. అదే పేరు ఆమె మేనమామ కొడుక్కీ ఉంది. పాపం, వాడు చీమ ఎదురొచ్చినా పక్కకి తప్పుకునే రకం.

కాసేపటికే ఇంకో కబురు. దెబ్బలు తగిలినవాళ్ళలో మెకానిక్ భార్య ఉందని. మెకానిక్ అంటే స్కూలు కార్లన్నీ బాగుచేసేవాడు. ఆఫీసు వెనకే అతని షెడ్డు. అతన్ని ఆమె "అన్నా" అనేది, అతని భార్యని "వదినా" అనేది. ఊరికే పిలుపు వరకే కాదు. తన కాన్పుకి ఆసుపత్రిలో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది ఆ వదినే.

"పద, చూసొద్దాం," అన్నాడు భర్త. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అప్పటికే షట్టరు దించి వచ్చేశాడు.

"రేపు వెళ్దాం."

రేపు వచ్చింది. మళ్ళీ రేపు అంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం అన్నదే ఆమె బాధ. ఆ మాట బయటికి అనలేదు.

పనిలో మనుషులు మంచిగానే ఉన్నారు. అంత మంచిగా ఉండటమే ఇబ్బందిగా ఉంది. ఆమె గదిలోకి రాగానే టీవీ సౌండు తగ్గించేవాళ్ళు. ఒక రిటైరైన లెక్చరర్ ఆమె దగ్గర నేర్చుకుంటున్నాడు. చాలా మర్యాదస్తుడు. రివర్సు తీస్తూ అన్నాడు, "తప్పుగా అనుకోకండి మేడమ్. మీరంతా మంచివాళ్ళే, నాకు తెలుసు. కానీ మీవాళ్ళు గట్టిగా ఖండించాలి కదా? ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనుకుంటారు జనం."

ఎవరు మావాళ్ళు? మేనమామ కొడుకా? ఆ బాంబు పెట్టినవాడు తనని చూస్తే, కారు నేర్పే ఆడదాన్ని చూస్తే, ముందు తననే తిట్టేవాడు. ఇదంతా అందామనుకుంది. "ఎడమ అద్దంలో చూడండి. స్తంభం ఉంది," అంది.

మధ్యాహ్నం స్కూలు ఓనరు పిలిచాడు. పెద్దాయన, ఆమెని కూతురిలా చూసుకుంటాడు. "అమ్మా, రేపు మన ఆఫీసు ముందు సంతాపసభ పెడుతున్నాం. నువ్వు నాలుగు మాటలు మాట్లాడాలి."

"నేనా? దేని గురించండీ?"

"అదే... మీ తరఫున."

"నా తరఫునా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీవాళ్ళ తరఫున, అమ్మా. నువ్వు మాట్లాడితే అందరి మనసులూ కుదుటపడతాయి. నీకే మంచిది."

ఆ రాత్రి అన్నాలు తింటూ ఇదంతా చెప్పేసరికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. "మాట్లాడకు," అన్నాడు భర్త. "చెయ్యని తప్పుకి క్షమాపణ ఏమిటి? ఆ లెక్చరర్‌గారి ఇంటిపేరు వాడెవడో దొంగతనం చేస్తే ఆయన వచ్చి మనకి సంజాయిషీ ఇస్తాడా?"

"ఇవ్వడు. కానీ నాకెందుకో తలెత్తుకోవాలని లేదు."

అంతవరకూ చపాతీ ముక్క పాలల్లో నానబెట్టుకుంటున్న అత్తగారు తలెత్తింది. "వాడు ఏ పేరు తలుచుకుని ఆ పని చేశాడో, ఆ పేరు నేను రోజూ నమాజులో తలుచుకుంటాను. నాకు ఒళ్ళు మండదా? మీ ఇద్దరికంటే నాకే ఎక్కువ మండుతోంది. అయితే మండటం వేరు, తల దించుకోవడం వేరు. ఆ రెండూ కలిపేసుకుని కూర్చున్నావు నువ్వు. ముందు ఆ పిల్లని, మీ వదినని, చూసి రా. మంచం మీద మనిషిని పెట్టుకుని మీటింగుల గోలేమిటి?"

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మెకానిక్ కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. గోళ్ళ సందుల్లో గ్రీజు లేకుండా అతని చేతుల్ని ఆమె ఎప్పుడూ చూడలేదు, ఇవాళ శుభ్రంగా ఉన్నాయి. ఆమెని చూశాడు, ఏమీ అనలేదు. లేచి వార్డు తలుపు తెరిచి పట్టుకున్నాడు, అంతే.

దారి పొడుగునా వల్లె వేసుకున్న మాటలు ఉన్నాయి. 'వదినా, మావాళ్ళు చేసినదానికి...' అని మొదలయ్యేవి. మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. వదిన కాలికి కట్టు, భుజానికి కట్టు. జుట్టు ఒక పక్క గొరిగేసి, అక్కడ కూడా చిన్న కట్టు వేశారు.

"వచ్చావా?" అంది వదిన. "దారి తెలియలేదా? ఊరందరికీ కారు నేర్పుతావు, నీకు ఆసుపత్రి దారి తెలియలేదా?"

"వదినా, మావాళ్ళు..."

"ఎవరు మీవాళ్ళు? మా వీధి పాలవాడు వచ్చాడు. నాతో మాట్లాడటం మానేసిన మా తోటికోడలు కూడా వచ్చింది. నువ్వు రాలేదు. రోజూ తలుపు వంక చూశాను."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఏ మొహం పెట్టుకుని రాను? నన్ను చూస్తే నీకు వాడు గుర్తొస్తాడేమో అని."

వదిన దిండు మీద తల ఆమె వైపు తిప్పింది. "అబద్ధం ఎందుకు చెప్పాలి? మొదటి రోజు గుర్తొచ్చాడు. వాడి మొహం నాకు తెలియదు కదా. కళ్ళు మూసుకుంటే, మీలో నాకు తెలిసిన మొహం నీదొక్కటే. నీ మీద కూడా కోపం వచ్చింది. మర్నాటికి నాకే నవ్వొచ్చింది. పురిటినొప్పులప్పుడు నా చెయ్యి నుజ్జు చేసినదానివి, నాకు తెలియదా నువ్వెవరో? ఇంతలో నువ్వు రాకపోతివి. కోపమంతా అటు తిరిగింది. దానికి మాత్రం నువ్వు క్షమాపణ చెప్పాలి."

"తప్పే వదినా. ముందే రావాల్సింది."

"ఊఁ. అలా రా దారికి."

ఆ మాటతో గుండె మీద నుంచి బండరాయి ఎవరో దించినట్టయింది. ఇన్నాళ్ళూ తన చేతిలో లేని తప్పుని మోసింది. దాన్ని ఎవరికి అప్పగించాలో, ఎలా కడుక్కోవాలో తెలియలేదు. ఇది అలా కాదు. ఇది అచ్చంగా తన తప్పు, చిన్నది, ఒక్క మాటతో తీరిపోయేది.

పక్క మంచం మీది ముసలావిడ ఇదంతా ఆసక్తిగా వింటోంది. "ఎవరమ్మా, మీ చెల్లెలా?"

"మా ఆడపడుచండీ," అంది వదిన. "చూశారుగా, ఆడపడుచు కాబట్టి తీరిగ్గా వచ్చింది."

ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. గుమ్మంలో మెకానిక్ కూడా నవ్వాడు, మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నా, నువ్వెందుకు మాట్లాడలేదు?" అంది ఆమె. "నాకు మాటలు రావట్లేదమ్మా ఈమధ్య, ఎవరితోనూ," అన్నాడు. కోపం కాదని అప్పుడు తెలిసింది.

వరండాలోకి వచ్చి ఓనరుకి ఫోన్ చేసింది. "సభకి వస్తానండీ. అందరితో పాటు నిలబడతాను. మాట్లాడమంటే మా వదిన గురించి మాట్లాడతాను. మావాళ్ళ తరఫున మాత్రం మాట్లాడను. వాడు నన్నడిగి చెయ్యలేదు."

"నిజమేనమ్మా," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "మంచికే కదా అనుకున్నాను. నీకు ఎలా ఉంటుందో నాకు తోచలేదు. నువ్వు వచ్చి నిలబడు, చాలు."

లెక్చరర్‌గారు ఏమంటాడో? బహుశా అదే మాట మళ్ళీ అంటాడు. అననీ. ఈసారి స్తంభం వంక చూపించకుండా జవాబు చెప్పాలనుకుంది.

లోపలికి వచ్చేసరికి వదిన అద్దం చూసుకుంటోంది. "ఈ పక్క గొరిగేశారే. పనసకాయని సగం చెక్కినట్టుంది. బయటికెలా వెళ్ళను?"

ఆమె మంచం అంచున కూర్చుంది. తన బ్యాగులో ఎప్పుడూ ఉండే ఇంకో స్కార్ఫు తీసి, కట్టు నొక్కుకోకుండా, నెమ్మదిగా వదిన తలకి చుట్టింది. కొసలు వెనక్కి దోపింది.

"ఎలా ఉన్నాను?" అంది వదిన, మొగుడి వంక తిరిగి.

"నీకంటే నీ ఆడపడుచుకే బాగుంటుంది," అన్నాడు మెకానిక్. అన్ని రోజుల తర్వాత అతను అన్న మొదటి వేళాకోళం అది.

"ఇంకేం, అన్నాచెల్లెళ్ళు ఒకటైపోయారు," అని వదిన మూతి ముడుచుకుంది.