రైలు రాని కట్ట మీద సైకిలు

దుర్గాభవానికి సైకిలు తొక్కడం రాదు. ఇంగ్లండు చూడలేదు. అందువల్లే కాబోలు, ఇంగ్లండు పల్లెల్లో మోటారు బళ్ళ గోల లేకుండా సైకిలు తొక్కుకోదగ్గ దారుల గురించి రాసే పని ఆవిడకి అప్పగించారు.

అప్పగించింది హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీ. ఆ కంపెనీకి పని ఇచ్చింది లండన్‌లో ఉన్న ఒక సైకిళ్ళ వెబ్‌సైటు. ఇంగ్లండులో ఎక్కడ తిరగాలో ఇంగ్లీషువాళ్ళకి చెప్పడానికి అక్కడి మనిషిని పెట్టుకుంటే గిట్టుబాటు కాదట. అందుకని ఆ భారం అమలాపురం పక్క ఊళ్ళో, పెంకుటింటి వసారాలో ఫ్యాను కింద లాప్‌టాప్ పెట్టుకు కూర్చునే ఎమ్మే ఇంగ్లీషు కోడలి మీద పడింది. వ్యాసం కింద పేరు మాత్రం డయానా. డయానాకి నలభై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. పిల్లల్నీ కుక్కనీ కూడా కంపెనీవాళ్ళే ఇచ్చారు.

దుర్గాభవాని భర్త దీక్షిత్ జూనియర్ కాలేజీలో సంస్కృతం చెబుతాడు. మామగారు శరభయ్యగారు వేదం చదువుకున్న మనిషి, గుళ్ళో అర్చన చేస్తారు. కోడలు ఇంగ్లండు దారులు రాస్తుందంటే ఆయనకి ఆశ్చర్యం లేదు. "స్వర్గానికి దారి చెప్పేవాళ్ళంతా వెళ్ళొచ్చి చెబుతున్నారేంటమ్మా?" అన్నారు.

బండి సాఫీగానే సాగుతుండగా ఓ పొద్దున్న కంపెనీ మేనేజరు ప్రవీణ్ కుమార్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ రాతలో అనుభవం కనపట్టం లేదంటున్నారు."

"అనుభవం లేదు కదండీ."

"లేదని వాళ్ళకి తెలీకూడదు కదా మేడమ్! ఇప్పుడు కంప్యూటరే రాసేస్తోంది. దానికన్నా మనం ఎందులో ఎక్కువ? చెమటలో. ఈసారి వ్యాసంలో చెమట కనపడాలి."

"ఎవరి చెమటండీ?"

"డయానాది."

ఈసారి రాయవలసింది పాత రైలు దారుల గురించి. ఇంగ్లండులో ఒకప్పుడు పల్లెపల్లెకీ రైళ్ళు తిరిగాయట. తరవాత అవి దండగనిపించి ఆపేశారట. పట్టాలు పీకేసి, ఆ కట్టల మీద నున్నగా దారి పరిచి సైకిళ్ళకి వదిలేశారట. లారీ ఉండదు, హారను ఉండదు, పక్షుల కూతలే. దుర్గాభవాని ఇదంతా చదివి వినిపిస్తే శరభయ్యగారు తాంబూలం నమలడం ఆపారు.

"పాపం, ఎంత తిరుగుడు! పట్టాలు వేసి, రైలు నడిపి, మళ్ళీ పీకి, అంత శ్రమ పడితే గానీ వాళ్ళు ఆ స్థితికి రాలేకపోయేరు. మనం రైలు మొహం చూడకుండానే వచ్చేశాం."

ఆయన అన్నది ఊరి వెనక ఉన్న రైలు కట్ట గురించి. రైలు వస్తుందని ఎప్పుడో మట్టి పోసి కట్ట లేపారు. ప్రతి ఎన్నికలకీ రైలు వచ్చేస్తుంది, ఓట్లు పడగానే వెళ్ళిపోతుంది. మధ్యలో ఖాళీగా ఎందుకని ఊరివాళ్ళు కట్టని వాడుకుంటున్నారు. సగం మీద ధాన్యం ఎండుతుంది, మిగతా సగం మీద ఒలిచేసిన కొబ్బరి డొక్కలు. వాలు పొడుగునా పిడకలు. లారీ ఎక్కలేదు, ఆటో ఎక్కలేదు, బస్సు సంగతి సరేసరి. అంత ప్రశాంతమైన దారి ఇంగ్లండు మొత్తం గాలించినా దొరకదు.

దుర్గాభవానికి అక్కడే ఆలోచన తట్టింది. ఆడపడుచు కూతురు చిన్ని టెన్త్ పాసైనప్పుడు కొనిపించుకుని, కాలేజీ బస్సు రాగానే వదిలేసిన గులాబీరంగు గేర్ల సైకిలు ఒకటి కొట్టు గదిలో ఉంది. దాన్ని తుడిపించి, గాలి కొట్టించి, చీర మానేసి చుడీదారు వేసుకుని కట్ట ఎక్కింది.

నేర్పించే పూచీ మామగారు తీసుకున్నారు. ఒకప్పుడు పంచె గోచీ బిగించి సైకిలు మీదే నాలుగూళ్ళు తిరిగి పౌరోహిత్యం చేసిన మనిషి ఆయన. కానీ కోడలి సైకిలు సీటు పట్టుకుని మామగారు పరిగెత్తడం బాగుండదు. అందుకని ఆయన గొడుగు వేసుకుని పక్కన నడుస్తూ మాట సాయం మాత్రం చేశారు.

"కింద చూడకమ్మా, దూరం చూడు. దూరం చూస్తే పడవు."

దుర్గాభవాని దూరం చూసింది. దగ్గర్లో ఉన్న కొబ్బరి డొక్క చూడలేదు. కట్ట మీంచి జారి కింద పొలాలకి నీళ్ళు పారే బోదెలో పడింది. శరభయ్యగారు గొడుగు మూసి, "దగ్గర కూడా చూస్తూ ఉండాలి," అని సూత్రాన్ని సవరించారు.

నడుం నొప్పితో ఇంటికొస్తే దీక్షిత్ మొహం ముడుచుకుని ఉన్నాడు. కాలేజీలో తోటి లెక్చరర్లు స్కూటీ అమ్మేశారా అని అడిగారట.

"డబ్బులకి ఇబ్బందిగా ఉంటే చెప్పమన్నారు," అన్నాడు.

"తీసుకోకపోయేరా?" అంది దుర్గాభవాని మోచేతికి మందు రాసుకుంటూ.

ఊళ్ళోవాళ్ళ అనుమానం వేరు. మన వైపు వయసొచ్చిన మనిషి సైకిలెక్కితే కారణం ఒక్కటే. రిటైరైన పంచాయతీ ఉద్యోగి కొండలరావుగారు సందు మొగలో ఆపి మరీ పరామర్శించారు.

"షుగరా అమ్మా? ఇంత చిన్న వయసులోనా? మా తోడల్లుడుగారు మెంతులు నానబెట్టి తాగేరు. ఆయ్, తగ్గింది."

"లేదండీ బాబాయిగారూ, ఆఫీసు పనండీ."

"ఆఫీసు పనికి షుగరు రాకేం చేస్తుందమ్మా," అని ఆయన జాలిపడి వెళ్ళిపోయారు.

కట్ట మీద రోజూ ఎదురయ్యేది పైడమ్మ. భర్త పడవ మీద వేటకి వెళ్ళేవాడు, ఇప్పుడు లేడు. రెండు గేదెలు, వాటి పాలు, పిడకలు, అదీ ఆవిడ సంసారం. ఎప్పుడు చూసినా నీలం చీరే. దుర్గాభవాని వస్తుంటే గేదెని దారికి అడ్డంగా నిలబెట్టి, సైకిలు ఆగేదాకా కదలనిచ్చేది కాదు.

"ఏంటండీ అమ్మాయిగారూ, తగ్గిందా?"

మొదట్లో దుర్గాభవాని తనకి జబ్బు లేదని వివరించేది. గేదె కదిలేది కాదు. తరవాత "ఆయ్, తగ్గిందండీ పైడమ్మగారూ" అనడం నేర్చుకుంది. గేదె కదిలింది. ఆ ఒక్క మాటతో పైడమ్మ మొహం వెలిగిపోయేది. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి తగ్గిందంటే అంత సంతోషించే మనిషిని దుర్గాభవాని అంతకుముందు చూడలేదు. పోనుపోను ఆ మాట కోసమే కట్ట ఎక్కుతున్నట్టు ఉండేది. సైకిలు కూడా ఎప్పుడు వచ్చిందో తెలియకుండా వచ్చేసింది.

వ్యాసం రాయడానికి కూర్చుంటే చెమట దానంతటదే కాగితం మీదికి కారింది. ఊరి వెనక కట్ట ఇంగ్లండులో నిజంగానే ఉన్న ఒక పాత రైలు దారైంది. కొబ్బరిచెట్లు ఓక్ చెట్లయ్యాయి. గేదె ఆవైంది. బోదె సెలయేరైంది, అందులో పడ్డది డయానా. నీలం చీర నీలం స్వెట్టరైంది. "ఈ దారి మలుపులో ఒక పెద్దావిడ మిమ్మల్ని ఆపి, ఇప్పుడు కాస్త నయంగా ఉందా అని అడుగుతుంది. అవునని చెప్పండి. నిజంగానే నయంగా అనిపిస్తుంది" అని రాసి పంపేసింది.

ఆ వ్యాసాన్ని జనం ఎగబడి చదివారు. ప్రవీణ్ కుమార్ ఫోన్లో పొంగిపోయాడు. "మేడమ్, ఇదీ చెమటంటే!"

అసలు తమాషా వ్యాసం కింద పాఠకులు రాసే వ్యాఖ్యల్లో మొదలైంది. గత ఆదివారం మేము ఆవిడని కలిశామని ఒక జంట రాసింది. నా మోకాలు గురించి అడిగింది, ఎలా తెలిసిందో అని ఒకాయన. విడాకులైన దగ్గర్నించి నన్నెవరూ ఎలా ఉన్నావని అడగలేదు, ఆవిడ అడిగింది, సైకిలు దిగి ఏడ్చేశానని మరొకావిడ. దుర్గాభవాని మొదటివి చదివి పడీపడీ నవ్వింది. ఏడ్చేశానన్నది చదివాక నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రం కూర మాడింది.

మర్నాడు ప్రవీణ్ కుమార్ పెద్దావిడ ఫొటో పంపమన్నాడు. లండన్ వాళ్ళు అడుగుతున్నారట.

"ఎక్కణ్ణించి తేనండీ?"

"ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా మేడమ్. మీరు ఊహించి రాశారంటే నేను నమ్మను."

ఉన్నారు. ఉండబట్టే వచ్చింది చిక్కు. పైడమ్మ ఫొటోకి స్వెట్టరు తొడిగి, పక్కన గేదెని చెరిపేసి పంపవచ్చు. దీక్షిత్ అదే సలహా ఇచ్చాడు, ఫోన్లో అలాంటివి క్షణంలో అయిపోతాయన్నాడు. దుర్గాభవానికి మనసు ఒప్పలేదు. లాప్‌టాప్ తెరిచి లండన్ ఎడిటరు గ్రాహమ్‌కి తనే నేరుగా రాసేసింది. నేను డయానా కాదు. నాకు కుక్క లేదు. ఆ దారి మా ఊరి వెనక కట్ట, దాని మీద ఇంకా రైలే రాలేదు. ఆవిడ పేరు పైడమ్మ. మీ పాఠకులు కలిసింది ఎవరినో నాకు తెలియదు. క్షమించండి.

జవాబు అంత త్వరగా వస్తుందని ఆవిడ అనుకోలేదు. గ్రాహమ్ చాలా మర్యాదస్థుడు. మీ నిజాయితీకి కృతజ్ఞతలు, దయచేసి దాన్ని మన మధ్యే ఉంచండి అని మొదలుపెట్టాడు. తనూ ఆ దారి ఎప్పుడూ చూడలేదట. నడుం నొప్పి వల్ల సైకిలు ఎక్కడట, ఎక్కడికైనా కారే. ఆ దారి మలుపులో టీ అంగడి నడిపే ఒకావిడ ఈ మధ్య నీలం స్వెట్టరు వేసుకుని బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని నయంగా ఉందా అని అడుగుతోందట. టీ బాగా అమ్ముడవుతోందట. ఒక్కటే ఇబ్బంది. జనం సైకిళ్ళని కార్ల నెత్తిన కట్టుకుని వస్తున్నారు, కార్లు నిలపడానికి చోటు చాలక చుట్టుపక్కల రోడ్లన్నీ కిటకిటలాడుతున్నాయి. బళ్ళు లేని దారికి ఇంతకన్నా ఆదరణ ఏం కావాలి? కాబట్టి ఏమీ మార్చవద్దు.

ప్రవీణ్ కుమార్ మాత్రం మర్యాదస్థుడు కాదు.

"మేడమ్, నేను అనుభవం రాయమన్నాను, నిజం రాయమన్నానా? క్లయింటుకే రాసేస్తారా?"

సైకిళ్ళ పని ఆవిడ దగ్గర్నించి తీసేశాడు. దాని బదులు మగవాళ్ళ బట్టతలకి వాడే నూనెల గురించి రాయమన్నాడు.

"దానికేం అనుభవం ఉందండీ నాకు?"

"ఇంట్లో సార్ ఉన్నారు కదా మేడమ్."

పక్కనే ఉన్న దీక్షిత్ చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్ళింది. దుర్గాభవాని ఫోన్ పెట్టేసింది. ఆ నూనెల గురించి ఎవరు రాశారో మనకి తెలియదు. ఆవిడ రాయలేదు.

పని లేకపోయినా మర్నాడు సైకిలు తీసింది. ఎందుకని దీక్షిత్ అడిగితే చెప్పలేకపోయింది. కట్ట మీద గేదె అడ్డంగానే ఉంది.

"తగ్గిందా అమ్మాయిగారూ?"

"పైడమ్మగారూ, మీకో సంగతి చెప్పాలండీ," అని దుర్గాభవాని సైకిలు పడుకోబెట్టి గట్టు మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. తప్పు చేసినట్టుగానే చెప్పింది. పైడమ్మ చేతిలో పేడముద్ద అలాగే పట్టుకుని విన్నది.

"అయితే నన్ను చూట్టానికి అక్కడ కార్లేసుకు వత్తన్నారా?"

"మిమ్మల్ని కాదండీ. మీలాగ కూర్చున్న ఇంకొకావిణ్ణి."

"ఆవిడ దొరసానేనా?"

"ఆయ్."

పైడమ్మ చాలాసేపు నవ్వింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతినిండా పేడ. భుజంతో తుడుచుకుంది. నవ్వు అయ్యాక పేడముద్ద వాలుకేసి కొట్టి, చెయ్యి బోదెలో కడుక్కుని వచ్చింది.

"అమ్మాయిగారూ, ఈ కట్ట ఎంతవరకూ ఉందండీ?"

"గోదారి దాకా ఉందండీ. మీరు చూళ్ళేదా?"

"ఎక్కడండీ. ఈ గేదెలు ఈ పక్క మేతకే వత్తాయి. అటు దాటవు. నేనూ దాటలేదు." సైకిలు వెనక కారియరు వైపు చూసి, "అది నన్ను మోత్తదా?" అంది.

దుర్గాభవాని ఇంతవరకూ ఎవరినీ ఎక్కించుకోలేదు. గేర్ల సైకిలు కారియరు పుస్తకాల సంచీ కోసం చేసింది. అయినా, "ఎక్కండి," అంది.

పైడమ్మ గేదెల్ని ఇనపరాటకి కట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని ఓ పక్కగా కూర్చుంది. సైకిలు ముందు బోదె వైపు ఒరిగింది, తరవాత ధాన్యం వైపు ఒరిగింది. ధాన్యం తాలూకు మనిషి కేకలు వేశాడు. పైడమ్మ దుర్గాభవాని నడుం పట్టుకుని అంతకన్నా గట్టిగా అరిచింది. "తప్పుకోండయ్యా, కళ్ళు లేవా!" ఎదురుగా మనిషి గాని, బండి గాని లేవు. ఆవిడకి మాత్రం హారను కొడుతూ పోవాలనిపించినట్టుంది.

డొక్కల కుప్పలు దాటాక కట్ట నున్నగా ఉంది. గాలి ఎదురొచ్చింది. దుర్గాభవానికి రొప్పు వచ్చింది, చెమట కళ్ళలోకి దిగింది. దాన్ని ఎలా రాయాలా అని ఆలోచించాల్సిన అవసరం లేకపోవడం హాయిగా ఉంది.

కట్ట చివర గోదారి. నీళ్ళలో వంతెన కోసం లేపిన స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి మీద కొంగలు. పైడమ్మ దిగి, కాళ్ళు తిమ్మిరెక్కితే విదిలించుకుంటూ నిలబడి చూసింది. నది మీద బతికిన ఇంటి మనిషికి నది కొత్త కాదు. అయినా అలా పై నించి ఎప్పుడూ చూడలేదట.

"మా ఆయన ఈ స్తంభాల కాడే వల ఏసేవోడు. చేపలు ఈటి నీడకి చేరతాయనేవోడు," అంది.

ఇద్దరూ కట్ట కొసన కూర్చున్నారు. అవతలి ఒడ్డున ఎవరో ఏరు దాటించే పంటుని కేక వేస్తున్నారు, మాట అందడం లేదు. కాసేపటికి పైడమ్మే లేచింది. పాలు పితికే వేళ దాటితే గేదె తన్నేస్తుందట.

"పొండి, తొక్కండి. ఈసారి ధాన్యం ఏపు ఒంచకండి, ఆడు నన్ను తిడతాడు," అని మళ్ళీ కారియరెక్కింది.