చెంగయ్య దెబ్బ

మునివెంకటప్పది గుళ్లో నాదస్వరం ఊదే కొలువు. తాతల నాటి నుంచి ఆ ఇంటిదే. తెల్లవారుతూనే చంద్రగిరి కింద స్వర్ణముఖి ఒడ్డున కూర్చుని సాధన చేయకపోతే ఆయనకు ఆ పూట ముద్ద దిగేది కాదు. ఎదుటి ఒడ్డున మాలపల్లె. అక్కడ చెంగయ్య చావులకు పలక, అదే డప్పు, కొట్టేవాడు. ఒకరిది పెళ్లి వాయిద్యం, ఇంకొకరిది చావు వాయిద్యం. రెండూ కలిసి మోగితే అరిష్టమని ఊరంతా నమ్మింది. ఊరికేం, ఏదైనా నమ్ముతుంది.

ఒకనాడు ఈయన బిలహరి రాగం ఎత్తుకుంటే అవతల నుంచి పలక బదులు పలికింది. మునివెంకటప్పకు ఒళ్లు మండింది. ఎవడ్రా వాడని తిట్టడానికి లేచాడు. లేచినవాడు కాస్త ఆగి విన్నాడు, విని మళ్లీ కూర్చున్నాడు. ఆ దెబ్బ పెళ్లిదీ కాదు, చావుదీ కాదు. సన్నాయి ఊపిరి పీల్చుకునే చోటల్లా నింపడానికి చెంగయ్య సొంతంగా కట్టుకున్నది. ఇక ఏళ్ల తరబడి అదే వరస. ఏట్లో నీళ్లు లేనప్పుడు ఇద్దరూ ఇసుకలో నడిమికి వచ్చి, ఎవరి కంటా పడకుండా బీడీలు కాల్చుకుంటూ మాట్లాడుకునేవాళ్లు.

అలా ఒకసారి చెంగయ్య అడిగాడు.

"అందురి సావుకీ నేను కొడతా ఉండా. నేను సచ్చిన పొద్దు నువ్వు ఊదుతావా అప్పా?"

మునివెంకటప్ప ముఖం మాడ్చుకున్నాడు. మంగళవాయిద్యం శవానికి ఊదినవాణ్ణి మళ్లీ గుడి గడప తొక్కనిస్తారా? అదొక్కటీ అడగొద్దు అనేశాడు. ఊరికే అడిగినానులే అని చెంగయ్య నవ్వేశాడు. ఆ నవ్వు మునివెంకటప్పకు చాలా రోజులు గుచ్చుకుంది.

యుద్ధం రోజుల్లో తిండి చాలక, జ్వరం వచ్చి చెంగయ్య మంచం పట్టాడు. అవతలి ఒడ్డు మూగబోయింది. ఈయన నాలుగు స్వరాలు ఊది పక్కన పెట్టేసేవాడు. పోయి చూసి రావాలని రోజూ అనుకోవడమే గానీ, పల్లెలోకి పోతే ఎవరేమంటారోనని కాళ్లు కదల్లేదు. పిరికివాడు, ఏం చేస్తాం.

ఒక పొద్దున అవతల చెట్ల చాటు నుంచి పలక మోగింది. చెంగయ్య దెబ్బే, అచ్చం అదే. బతికినాడ్రా నాయనా అని మునివెంకటప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. బిలహరి ఎత్తుకుని ప్రాణం పెట్టి ఊదాడు. పలక మోత ఏటి వెంబడి కదిలిపోతుంటే, తిరిగే ఓపిక కూడా వచ్చిందే అని మురిసిపోయాడు. పలక ఆగేదాకా ఊదుతూనే ఉన్నాడు.

కొట్టింది చెంగయ్య కాదు. తన దెబ్బతోనే తనను సాగనంపమని చెప్పి ముందు రాత్రే పోయాడు. తోటివాళ్లు అది కొడుతూ పాడె మోసుకుపోయారు.

సాయంత్రానికి, మునివెంకటప్ప శవానికి ఊదాడని ఊరంతా గుప్పుమంది. ధర్మకర్త మునిరామయ్య ఆయన్ని గుడి బయట నిలబెట్టి అడిగాడు. చెడ్డవాడేం కాదు. తెలియక ఊదినానని ఒక్క మాట అంటే శాంతి చేయించి వదిలేద్దామని తనే దారి చూపించాడు. నిజం కూడా అదే కదా. మునివెంకటప్ప ఆ మాట అనబోయాడు. అంతలో వీధి చివర చెంగయ్య పెళ్లాం నాగులమ్మ కనిపించింది. దూరంగానే నిలబడి చేతులు జోడించింది.

"మా మడిసి కోరిక తీర్సినావు సామీ. నువ్వు తప్పకుండా ఊదుతావని నాకు సెప్పే పోయినాడు."

మునివెంకటప్ప అనబోయిన మాట మింగేశాడు. ధర్మకర్త వైపు తిరిగి, తెలిసే ఊదినాను అన్నాడు.

కొలువు ఆ పూటతో పోయింది. ఇంటికొచ్చి నాదస్వరాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. భార్య భారతమ్మ తిట్టలేదు. పోతే పోయిందిలే, స్నేహితుడి కోసం అంత పని చేసినావు, నీలాంటి మనిషి ఈ ఊళ్లోనే లేడు అంది. అప్పుడు ఏడ్చాడు మునివెంకటప్ప, పసివాడిలా, వెక్కి వెక్కి.

"వాడు నన్ను నమ్మి పోయినాడు మే. తెలిసింటే నేను ఊదిండను."