కుంటి మేకకు నాలుగు కాళ్ళు

దలెందా ఆ మేకను గీయడం అది నాలుగోసారి.

ట్యునీషియాలోని స్ఫాక్స్ పాత ఊళ్ళో పిల్లల పుస్తకాలు వేసే లస్సాద్ గారు ఆమెకు పన్నెండు పాత పాటలిచ్చి, ఒక్కోదాన్ని చిన్న కథగా మలిచి బొమ్మలు వేసిమ్మన్నారు. పదకొండింటికి పేచీ రాలేదు. పన్నెండోది ఆమె పిన్ని మన్నూబియ పాట.

కుంటి మేక గానుగకెళ్ళె
కుండెడు నూనె నెత్తికెత్తె
తోడేలొచ్చి తోక కొరికె
తోక పోయిన మేక నవ్వె

పిన్ని చిన్నప్పటినుంచీ ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది. వీధి పిల్లలు వెక్కిరిస్తే ఏడవకుండా ఈ పాట కట్టి, వాళ్ళచేతే పాడించింది. అరవయ్యేళ్ళుగా ఆ పేట తల్లులు బిడ్డలకు బువ్వ పెడుతూ పాడేది అదే. అందుకే దలెందా మేకకు పిన్ని నడక ఇచ్చింది.

మొదట లస్సాద్ గారు తోడేలు పళ్ళు కనబడకూడదన్నారు. నోరు మూసింది. తోక కొరికితే పిల్లలు జడుసుకుంటారన్నారు. ఊరికే పట్టుకున్నట్టు గీసింది. తర్వాత అసలు తోడేలే వద్దన్నారు. ఇప్పుడు మళ్ళీ ఆయన ఫోను.

"కుంటి అన్న మాట తీసేద్దామమ్మా. బడులవాళ్ళు తప్పు పడతారు. నాలుగు కాళ్ళూ సరిగ్గా వేసెయ్యి, గొడవ వదిలిపోతుంది."

"అప్పుడింక పాటలో ఏం మిగిలిందండీ?"

"మేక ఉందిగా!"

దలెందా కుంచె విసిరికొట్టి పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని వాకిట్లో కూర్చుని రాతితో ఆలివ్ కాయలు చితక్కొడుతోంది. కోతలు పోగా మిగిలిన పాట దలెందా చదివి వినిపించింది.

"మేక వెళ్ళింది, నూనె తెచ్చింది. ఇది పాటటే? సరుకుల చీటీ!" అని పిన్ని పడీపడీ నవ్వింది.

దలెందాకు నవ్వు రాలేదు. మర్నాడు లస్సాద్ గారితో తెగేసి చెప్పింది. "వేస్తే కుంటి మేకనే వెయ్యండి, లేదా పాటే వద్దు."

"సరే, పదకొండు చాల్లే," అన్నారాయన. అంత తేలిగ్గా వదిలేస్తారని ఆమె అనుకోలేదు.

పుస్తకం వచ్చింది. పిన్ని పేజీలు చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదట్నుంచి తిప్పింది.

"నాదేదే?"

"నీ కాలు బాగుచెయ్యమన్నారు పిన్నీ. ఒప్పుకోక తీసేయించాను."

"నాకు లేని రోషం నీకెందుకే? ఎన్ని కాళ్ళతో నడిచినా మేక పుస్తకంలో ఉండేది. తల్లులు బొమ్మ చూసి అసలు పాటే పాడేవాళ్ళు. ఇప్పుడది ఎవరికి గుర్తుంటుంది?"

"నీకోసమే కదా చేశాను!"

"నన్నడిగావా?"

అడగలేదు. ఆ మాట నిజం కాబట్టే ఒళ్ళు మరింత మండింది. అక్కణ్ణుంచి నేరుగా లస్సాద్ గారి దగ్గరికి వెళ్ళి, పిన్ని పాట వెయ్యమంది.

"రెండో ముద్రణలో వేద్దాం," అన్నారాయన తల ఎత్తకుండానే. "మేక నాలుగు కాళ్ళమీదా నిలబడితే."

మళ్ళీ పిన్ని వాకిట్లోకి వచ్చి పడింది.

"నాలుగు కాళ్ళ మేకయితేనే వేస్తారట. ఈసారి అడుగుతున్నాను, చెప్పు. గియ్యనా, మాననా?"

పిన్ని ఇంకో గిన్నెడు కాయలు చితక్కొట్టింది.

"నాకేం తెలుసే?" అంది చివరికి. "బొమ్మలేసేదానివి నువ్వు."

దలెందా తల పట్టుకుని గడపమీదే కూలబడింది.