చావుకంత కింద

ఇంగ్లీషువాళ్ళ ఫిరంగులు ఇంకా షానన్ నది దాటని కాలం. మగవాడికో గొడ్డలి, గొడ్డలికో పగ, పగకో రాతిబురుజు ఉండితీరవలసిన కాలం.

సైవ్ మెట్టినిల్లు అలాంటి బురుజే. నిలువెడు మందపు గోడలు, ఒకటే వాకిలి. ఆ పొద్దున ప్రహరీలోని గడ్డిళ్ళన్నీ తగలబడ్డాయి. కట్టుగొయ్యల దగ్గరే ఆవులు అరుస్తూ కాలిపోయాయి. ఆమె భర్త వాకిలి ముందు మెడ తెగి పడివున్నాడు. ఇక మిగిలింది ఆమె, ముసలి కావలివాడు మేల్, పై చావడిలో తొడ చీలి పడుకున్న కన్నకొడుకు కొన్‌లా. కొన్‌లా లేవలేడు. శత్రువు మెట్లెక్కాడా, కొన్‌లా చచ్చాడన్నమాటే.

ఆ శత్రువు ఎవరో కాదు, సైవ్ పెంపుడు కొడుకు ఫియాక్రా కన్నింటివాడే. పొరుగు దొర ఏడేళ్ళ తన కొడుకును తెచ్చి సైవ్ చేతుల్లో పెట్టాడు. బిడ్డను పెంచిన ఇంటిమీద కన్నిల్లు కత్తి దూయదన్న నమ్మకంతో ఆ దేశంలో దొరలు బిడ్డలను అలా ఇచ్చి పుచ్చుకుంటారు. మూతిమీద మీసం మొలిచేదాకా ఆమె పెంచింది. తరువాత మేతబీడు దగ్గర తగవు వచ్చింది, నెత్తురు కారింది, ఇచ్చిన మాట బూడిదయింది.

సైవ్ వాకిలి పైగదిలో నిలబడివుంది. ఆ గది నేలలో ఒక రంధ్రం. గుమ్మంలోకి వచ్చినవాడి నడినెత్తికి సూటిగా ఉంటుంది. దాన్ని చావుకంత అంటారు. పక్కన రాళ్ళగుట్ట, పొయ్యిమీద కుతకుత ఉడికే బార్లీ జావ. వాకిలి బయటి ఇనుపజాలిని బిగించే గొలుసు కొస ఆమె చేతిలో ఉంది.

"అమ్మా, నేనే. ఒంటిగా వచ్చాను," కింద ఫియాక్రా గొంతు.

"ఒంటిగా వచ్చావా? మరి మీ నాన్న పశువుల్ని కూడా తోలుకు రాలేకపోయావట్రా? మావి అన్నీ కాల్చేశారుగా!"

"తిట్టమ్మా, తిట్టు. కానీ తలుపు తియ్యి. కొన్‌లాని భుజాన వేసుకుని అవతలికి దాటిస్తాను. బురుజు వాళ్ళకి వదిలెయ్. చూడు, చేతిలో చాకు కూడా లేదు."

మేల్ మెట్లమీంచి అరిచాడు. "నమ్మకమ్మా! పాముపిల్ల పామే!"

"నోర్ముయ్ మేల్. పెంచిన తల్లి గుమ్మంలో ఆయుధం పట్టేవాడు ఇంకా పుట్టలేదు."

ఆ మాట నిజమే. పొరపాటు కూడా అక్కడే జరిగింది. ఆ కట్టుబాటు ఫియాక్రాకు ఉంది, అతని బాబాయికి లేదు.

సైవ్ గొలుసు వదులు చేసింది. మేల్ కిందికి దిగి వాకిలి అడ్డగడియ తీశాడు. ఫియాక్రా లోపల అడుగుపెట్టాడు. అదే క్షణంలో, గోడ మొదట్లో, బాణపుకంతలకు కనబడని మూల నక్కి కూర్చున్న మనుషులు ఒక్క ఉదుటున లోపలపడ్డారు. ముందు బాబాయి దొన్హల్. అతని గొడ్డలి మేల్ నుదుట దిగి గడ్డందాకా చీల్చింది.

"శభాష్ రా అబ్బాయ్! మంచి తాళంచెవివి!" అని నవ్వాడు దొన్హల్.

ఫియాక్రా మొహం తెల్లబోయింది. అతడు వెనక్కి దూకి మెట్లతలుపును ధడాలున మూశాడు. దాని గడియ అవతల మెట్లవైపు ఉంది, వేయవలసిన మేల్ నెత్తుటి మడుగులో ఉన్నాడు. అందుకని తన వీపునే గడియ చేసి నిలబడ్డాడు.

"తప్పుకోరా!"

"తప్పుకోను బాబాయ్. నన్నిలా ఎరవేస్తావని చెప్పలేదే?"

"చెబితే వచ్చేవాడివా, పాలుతాగే వెధవా!" గొడ్డలి వెనక మొద్దువైపు ఫియాక్రా దవడమీద పడింది. పళ్ళు రాలాయి. అతడు కదలలేదు. రెండో దెబ్బకు భుజం ఎముక విరిగింది. అయినా కదలలేదు. నెత్తురు ఉమ్మి, తలెత్తి, కంతలోంచి కనబడే మొహంవైపు చూశాడు.

"అమ్మా... పోసెయ్."

సైవ్ చేతులు జావకుండ చెవులు పట్టుకుని ఆగిపోయాయి. దిగివెళ్ళి గడియ వేసేలోపు వాళ్ళు మెట్లమీద ఉంటారు. కింద పెంచినవాడు, పైన కన్నవాడు, నడుమ ఆమె. దొన్హల్ గొడ్డలి మళ్ళీ లేచింది, ఈసారి పదును ముందుకి.

ఆమె కుండ వంచేసింది.

జావ నీళ్ళలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది. చర్మం, జావ కలిసి ఊడివచ్చాయి. బయటికి పరుగెత్తబోయినవాళ్ళ మొహాన ఇనుపజాలి మూసుకుంది. సైవ్ గొలుసుకు వేలాడి బిగించి, కొక్కేనికి తగిలించింది. తరువాత రాళ్ళు వేసింది. కళ్ళు మూసుకుని వేసింది, పళ్ళు బిగించి వేసింది, కింద మూలుగు ఆగేదాకా వేసింది, ఆగాక కూడా వేసింది.

మధ్యాహ్నానికి ఫియాక్రా కన్నతండ్రి జాలి దగ్గరికి వచ్చాడు. కత్తి నేలమీద పడేశాడు.

"నా బిడ్డ శవం ఇప్పించమ్మా. నీ జోలికి ఇంక రాను, ఒట్టు."

"బతికున్నవాణ్ణి నా దగ్గరికే ఎరగా పంపించారు. ఇప్పుడెందుకయ్యా?"

"నేను పంపలేదు. నా తమ్ముడు..."

"మీ తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు. అతణ్ణి తీసుకెళ్ళండి, మీదే ఆ సొత్తు. వీడు ఇక్కడే ఉంటాడు."

ఆమె దిగివచ్చి మెట్లతలుపు తోసింది. అవతలినుంచి బరువు. భుజం ఆనించి మళ్ళీ తోస్తే ఆ బరువు మెల్లగా పక్కకు జారింది.

ఆ మెట్లు శత్రువు ఒక్కొక్కడుగా రావడానికి ఇరుకుగా చుట్టలు చుట్టి కట్టినవి. పాడె పట్టదు. ఇద్దరు మోయలేరు. సైవ్ వంగి, ఉడికిన ఆ చేతులు రెండూ తన మెడచుట్టూ వేసుకుని, ఫియాక్రాను వీపున ఎత్తుకుంది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. వెనక వాడి బూట్లు రాతికి కొట్టుకుంటూ వస్తున్నాయి.

"అమ్మా, ఎవరది వస్తోంది?" పైనుంచి కొన్‌లా భయంగా అడిగాడు.

"మీ అన్నరా," అంది సైవ్. "కొంచెం చోటివ్వు."