ఎనక ఎవురూ లేరే, ఎయ్

బి సెక్షన్ మీద నాకు ఇంకా కోపం తీరలేదు. యాభై దాటాక కూడా తీరకపోతే ఇంకెప్పుడు తీరుతుందని మా ఆయన రంగసామి అడుగుతాడు. ఆయన చదివింది మగపిల్లల స్కూలు. ఆయనకేం తెలుసు?

జెయంతి మా క్లాసు లీడర్. అప్పుడు క్లాసును ఏలింది, ఇప్పుడు వాట్సాప్ గ్రూపును ఏలుతోంది. మొన్న అందులో ఒక కబురు పెట్టింది. కోవిల్‌పట్టిలో మేం చదువుకున్న ఆడపిల్లల హైస్కూలు మైదానంలో, ఆదివారం పొద్దున, మా పదో తరగతి ఎ సెక్షనూ బి సెక్షనూ మళ్ళీ త్రోబాల్ ఆడాలట. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెనక నిలబడొచ్చట. ఆ లెక్కన అందరం వెనకే నిలబడాలి.

నేనుండేది విరుదునగర్‌లో. వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. ఆ ఆట నేనొక్కదాన్నే ఆడింది కాదు, నాగమ్మాళ్‌తో కలిసి ఆడింది. నాగమ్మాళ్ పోయిన ఏడు ఆడి మాసంలో చనిపోయింది.

మేమిద్దరం కయత్తారు పక్కన ఒకే ఊరివాళ్ళం. నల్లమట్టి చేలల్లో పత్తీ మిరపా పండించే ఇళ్ళు మావి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. పెళ్ళిళ్ళయి తలో ఊరికీ పోయాక కూడా ఆదివారం సాయంత్రమైతే ఫోన్లో తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ఫోన్ రాదు. ఆమె గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలని ఒక్కసారీ తోచలేదు నాకు.

మా ఆయన పుట్టింది తెలుగింట్లోనే. మిరపకాయల మండీలో అరవం మాట్లాడీ మాట్లాడీ, నిద్రలో కూడా అరవంలోనే బేరమాడతాడు. పిల్లలకు నా మాట అర్థమవుతుంది, బదులు మాత్రం అరవంలో వస్తుంది. నేను తెలుగులో ఏమన్నా, తిరిగి తెలుగులో ఏదీ రాదు. అది నాకెంత వెలితో చెప్తే ఇంట్లో నవ్వుతారు కాబట్టి చెప్పను. పోపు వేస్తూ నాగమ్మాళ్‌తో మాట్లాడుకుంటాను.

అప్పట్లో ఎ సెక్షన్ అంటే పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలం. బి సెక్షన్ అంటే టౌన్ పిల్లలు, చాలామంది తీపెట్టి ఆఫీసుల పక్క వీధుల వాళ్ళు. అగ్గిపెట్టెలు చేసే చోటును మా వైపు ఆఫీసు అనే అంటారు. వాళ్ళు మమ్మల్ని పత్తికాయలనేవాళ్ళు, మేం వాళ్ళని అగ్గిపుల్లలనేవాళ్ళం. త్రోబాల్‌లో ఓడిన సెక్షన్, గెలిచిన సెక్షన్ గదికి నీళ్ళ బిందె మోయాలి. కోవిల్‌పట్టిలో నీళ్ళంటే ఆ రోజుల్లో మాటలు కాదు. వీధి చివర కుళాయి దగ్గర వరసలో నిలబడి, జనం చేత తిట్లు తిని, పట్టుకుని రావాలి. ఆ బిందె ఎప్పుడూ మా నడుం మీదే ఉండేది.

నిజానికి మేం ఓడకూడదు. మా దగ్గర తెలుగుంది. నాగమ్మాళ్ నెట్ దగ్గర నిలబడి, అవతల ఎక్కడ ఖాళీగా ఉందో చూసి, నాకు తెలుగులో అరిచి చెప్పేది. అవతలున్నదంతా అరవం పిల్లలే, వాళ్ళకేం అర్థమవుతుందిలే అని మా ధీమా. "ఎనక ఎవురూ లేరే, ఎయ్" అనేది. ఆ చివరి మాటను ఊరవతల మేకల్ని పిలిచినట్టు సాగదీసేది. నేను వెనక్కి వేసేదాన్ని. బంతి చేరేలోపే మునీశ్వరి అక్కడ ఉండేది.

మునీశ్వరి బి సెక్షన్ కెప్టెన్. సన్నగా, పొడుగ్గా, చేతికి నల్లదారంతో ఉండేది. అంతా ఆ దారంలోనే ఉందని నాగమ్మాళ్ తేల్చింది. మేమూ నల్లదారాలు కట్టుకుని ఓడాం. తర్వాత నాగమ్మాళ్ ఇంటి నుంచి నిమ్మకాయ తెచ్చి, కుంకుమ పూసి, నెట్ కంబం కింద పాతింది. పీటీ టీచర్ పుష్పం దాన్ని తవ్వి తీసి, శుభ్రంగా కడిగి, ఆ రోజు గెలిచిన మునీశ్వరికి సర్బత్ చేసి ఇచ్చింది. సర్బత్‌కు నీళ్ళు మోసింది కూడా మేమే.

మొత్తానికి ఆదివారం బస్సెక్కాను. సాత్తూరులో ఆగినప్పుడు దిగి వెనక్కి పోదామనిపించింది. నాగమ్మాళ్ లేని జట్టులో నాకేం పని? కానీ ఆమె గెలవాలనుకుని గెలవని ఆట అదొక్కటే. దిగలేదు.

మైదానంలో చీరలు దోపుకున్నవాళ్ళూ, చుడీదార్‌లవాళ్ళూ, మోకాలికి పట్టీలు కట్టుకున్నవాళ్ళూ. ఆడేదీ తనే, విజిల్ ఊదేదీ తనే, జెయంతి. అవతల మునీశ్వరి. జుట్టు నెరిసింది కానీ మనిషి అలాగే సన్నగా ఉంది. చేతికి నల్లదారం కూడా ఉంది. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

ఆట మొదలైంది. బంతి కంటే ముందు చెప్పులు ఎగిరాయి. కాసేపటికి జెయంతి బంతి అందుకుంది. అవతల వెనక మూల ఖాళీగా కనిపించింది. అంతే, నోట్లోంచి వచ్చేసింది.

"ఎనక ఎవురూ లేరే, ఎయ్."

జెయంతి బంతి పట్టుకుని, ఏమిటన్నట్టు నా వైపు చూసింది. ఆమెకు తెలుగు రాదు. మా జట్టులో ఇంకెవరికీ రాదు. అప్పుడు తెలిసింది నాకు, నాగమ్మాళ్ నిజంగా లేదని.

నెట్ అవతలి నుంచి బదులొచ్చింది.

"ఎవురూ లేరంటే ఎట్లనే? నేనుండాను గదా."

మునీశ్వరి అప్పటికే వెనక మూలకు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

నేను ఆట మరిచిపోయి నెట్ దగ్గరికి నడిచాను. "నీకు తెలుగు వొచ్చునా?"

"ఏంటికి రాదు? మా వీది మొత్తం ఇదే మాట."

"ఆ పొద్దే ఒక మాట సెప్పకూడదా?"

"మీరు కాడూ సేనూ ఉండే ఇండ్లోళ్ళు. తీపెట్టి ఆపీసుకు కూలికి పొయ్యే ఇంటి పిల్ల వొచ్చి నాదీ ఇదే మాటంటే నవ్వుతారేమో అని మొదట సెప్పలే. ఆనక గెలస్తా ఉంటే ఏంటికి సెప్పేది?" నవ్వింది. "నిమ్మకాయ పాతేటప్పుడు కిటికీ కాడనే ఉంటిని. నా కాలు ఇరగాలంటిరి గదా."

మా ఊళ్ళ ఇళ్ళల్లో తప్ప ఇంకెక్కడా తెలుగు ఉండదనుకున్నాం మేం. ఆ తెలివికి బిందె మోయడం తక్కువే.

జెయంతి విజిల్ ఊదింది. ఆ తర్వాత బంతి నాకు దొరికిన ప్రతిసారీ ముందుగా గట్టిగా చెప్పి వేశాను.

"ఎడం పక్కకేస్తాండా."

"ఎయ్, వొస్తాండా."

"ఇపుడు ముందరకి."

"రానీ."

పట్టుకుంటూనే ఉంది. "నీకేమైనా పిచ్చా? ఎక్కడ వేస్తున్నావో దానికే చెప్పి వేస్తున్నావే" అని జెయంతి అరవంలో తిట్టింది. తిట్టనీ. నేనన్న ప్రతి మాటకూ తెలుగులో బదులు వస్తోంది. ఆ ఆట అయిపోకూడదని మాత్రం ఉంది నాకు.

అయిపోయింది. ఓడాం. నీళ్ళు నేనే మోశాను. కుళాయి ఇప్పుడు స్కూల్లోనే ఉంది కాబట్టి నడుం బతికింది. మునీశ్వరి మెట్ల మీద కూర్చుని, గ్లాసు పైకెత్తి తాగి, అటూ ఇటూ చూసింది.

"ఇంకొకామె యాడ? నీకు అరిసి సెప్తా ఉండేది. పేరు కన్నా ఆ గొంతే గ్యాపకం నాకు."

"నాగమ్మాళ్. పోయినేడు పొయ్యింది."

గ్లాసు కింద పెట్టింది. "పావం" అంది. చేతిదారాన్ని తిప్పుకుంది. "మా యమ్మ పొయ్యినాక మా ఇంట్లోనూ ఈ మాట లేదు. మీ ఇద్దురు అరిసిందంతా అట్లనే సెవిలో ఉండాది."

నాకేసి కాకుండా మైదానం వైపు చూస్తూ, మెల్లగా అంది.

"ఎనక ఎవురూ లేరే, ఎయ్..."

చివరి మాటను సాగదీసింది, అచ్చం నాగమ్మాళ్ సాగదీసినంత. నాకు కళ్ళ ముందు మైదానం కనిపించకుండా పోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకొకతూరి సెప్పవే" అన్నాను.