ఖాళీకి కూడా ఒక కాపీ

బ్యాకప్ బాబాయికి ఆ పేరు పెట్టింది బంధువులు కాదు, మొహాలు కూడా తెలియని వాలంటీర్లు. డెస్క్‌టాప్ కంప్యూటర్లు వాడే మామూలు జనం కోసం ఆయన ఒక సాఫ్ట్‌వేరు రాశాడు. అది కంప్యూటర్లో ఉన్న ప్రతిదానికీ నకలు తీసి, సొంత ఇంట్లోనే ఇంకో పెట్టెలో దాచిపెడుతుంది. పైసా తీసుకోడు. కోడంతా బయటే పెట్టాడు, ఎవరైనా దింపుకోవచ్చు, సరిదిద్దొచ్చు. "మన గుడ్డలు ఎవడి దండెం మీదో ఎందుకు ఆరేయాలి?" అనేవాడు, ఎవరూ అడగకపోయినా.

వాళ్లింట్లో ఆ ఇంకో పెట్టె వంటగది అటక మీద ఉండేది. పాత కంప్యూటరు, పైమూత లేదు, ఫ్యాను పగలూ రాత్రీ గురకపెట్టేది. వేలాడే కేబులు మీద భార్య తన కొలతల టేపు వేసుకునేది. ఆవిడ దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన కంప్యూటరు. కత్తిరింపు నమూనాలన్నీ అందులోనే గీసుకునేది. తెర మూలన ఆకుపచ్చ టిక్కు వెలిగి "అంతా భద్రం" అనేది. ఆ మాట నమ్మి కాగితం నమూనాలన్నీ పారేసింది, పిచ్చి తల్లి.

ఒకరోజు కంప్యూటరు గుటుక్కుమంది.

ఆవిడ కంగారుపడలేదు. మెకానిక్ కొత్త డిస్కు వేసి వెళ్లాక భర్తను పిలిచి, "ఏవండీ, నా నమూనాలు వెనక్కి తెప్పించండి. ముందు అమ్మ కోటుది" అంది.

ఆవిడ తల్లి పోయి ఏడాది దాటింది. ఆమె జీవితమంతా ఇదే మిషను మీద వంగి కుట్టింది, అందుకే ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉండేది. ఫొటోలకు దొరకని ఆ నిలబడే తీరు కోటు నమూనా గీతల్లో మాత్రం ఉంది. చలి మొదలయ్యేలోగా అదే కోటు తనకూ కుట్టుకోవాలని ఆవిడ గుడ్డ కొనిపెట్టుకుంది.

బాబాయి తల గోక్కున్నాడు. "తెప్పించే బటన్ ఉంది గానీ..."

"గానీ?"

"నొక్కితే 'త్వరలో' అని వస్తుంది."

"ఇన్నేళ్లుగా రాస్తూనే ఉన్నారుగా!"

"దాచడం రాశాను. దాన్నే బాగుచేసుకుంటూ వచ్చాను. తీయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "అయితే నావన్నీ పోయినట్టేనా?"

"ఛ, ఛ! అటక మీద పక్కాగా ఉన్నాయి. బయటికి రావు, అంతే."

పోనీ ఇప్పుడు రాసేయొచ్చుగా అంటే అక్కడా చిక్కే. కొత్తదేది చేర్చాలన్నా వాలంటీర్లందరూ సరే అనాలి. ఆ నియమం పెట్టింది ఆయనే. పెట్టినవాడే తప్పితే ఏం బాగుంటుంది? అందుకని భార్య చేతే వాలంటీర్ల ఆన్‌లైన్ చర్చావేదికలో అర్జీ పెట్టించాడు. "దాచుకున్నది తిరిగి కావాలి. ఇట్లు, దర్జీ."

వేదిక అట్టుడికిపోయింది. తిరిగి తీసుకునేటట్టయితే అసలు దాచుకోవడం దేనికని 'ఉత్తరధ్రువం' అనే ఆయన నిలదీశాడు. "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అన్నాడు ఇంకొకాయన, జన్మలో ఏదీ పోగొట్టుకోనివాడు. బటన్ కుడివైపా, ఎడమవైపా అని జనం రెండు వర్గాలై తిట్టుకున్నారు. 'మూడో బావ' అనే పెద్దమనిషి మాత్రం అసలైన మెలిక పెట్టాడు. "వెనక్కి తెస్తే ఇప్పుడున్న ఖాళీ చెరిగిపోతుంది కదా? రేపు ఎవరికైనా ఆ ఖాళీయే కావాలంటే? ముందు దానికి కాపీ తీయాలి."

బాబాయి కళ్లు మెరిశాయి. "ఎంత మంచి పాయింటు!"

వారమంతా అదే పని. భార్య కొత్త డిస్కులోని ఖాళీనంతా వీసమెత్తు వదలకుండా నకలు తీశాడు. ఖాళీ చాలా పెద్దది. అటక మీద పెట్టెలో పట్టక, గిన్నెలు దింపించి ఇంకో పెట్టె ఎక్కించాడు. తెర మూలన టిక్కు వెలిగింది: "ఖాళీ భద్రం."

ఆవిడ కత్తెర కింద పెట్టింది. భర్త ల్యాప్‌టాప్ లాక్కుని, కోడున్న ఫోల్డరు చెరిపేసింది. తెర మీది చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, ల్యాప్‌టాప్‌ను ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడు మీరూ నొక్కండి."

ఆయన నొక్కాడు. "త్వరలో" అని వచ్చింది. మూలన టిక్కు మాత్రం అంతా భద్రమేనంటోంది.

"ఇది నన్ను చూసి నవ్వుతోందే" అన్నాడు.

"నన్ను చూసి వారం నుంచీ నవ్వుతోంది."

పరువు పక్కన పెట్టి, "నా కోడు పోయింది, కాస్త పంపరూ" అని వేదికలో రాశాడు. అడిగిందే తడవు కాపీలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. దాన్ని దింపుకోనివాళ్లు లేరు మరి. మూడో బావ అయితే రెండు అక్షరదోషాలు కూడా దిద్ది పంపాడు. తనది తనకు తిరిగొచ్చింది. కానీ అత్తగారి భుజాన్ని లోకంలో ఎవరూ దింపుకోలేదు, అది ఆ ఒక్క అటక మీదే ఉంది. ఈ ముక్క బుర్రకెక్కాక బాబాయికి నిజంగా సిగ్గేసింది.

ఓటూ లేదు, గీటూ లేదు. కుర్చీలోనే తిని, కుర్చీలోనే కునికి, రాసేశాడు. బటన్ సరిగ్గా నడిమధ్యన పెట్టాడు.

"నొక్కు" అన్నాడు.

అటక మీద ఫ్యాను గొంతు పెంచింది. తెర మీద కాలరు వచ్చింది, చేతులు వచ్చాయి, వీపు వచ్చింది, చివరికి కిందికి జారిన ఆ ఎడమ భుజం. ఆవిడ దాని మీద వేలు పెట్టి, "అమ్మా" అంది. కళ్లు తుడుచుకోలేదు.

నియమం తప్పాడని వేదికలో బాబాయి మీద తీర్మానం పెట్టారు. అది నేటికీ చర్చలోనే ఉంది. ఈలోగా పెట్టినవాళ్లంతా ఆ బటన్ నొక్కి చూసుకుంటున్నారు.

చలి మొదలయ్యేసరికి కోటు తయారైంది. ఆవిడ తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. బాబాయి గుండుసూదుల డబ్బా పట్టుకొచ్చాడు.

"ఎడమ భుజం నీకు ఎత్తి కుట్టాలేమో, చూడు."

ఆవిడ అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎక్కడా ముడత లేదు.

"అక్కర్లేదండీ" అంది. "సరిపోయింది."