పరీక్షకు పంపిన మంట

పొద్దున్నే టీ తాగి, తలకి తువ్వాలు బిగించి, మిరప కల్లంలో గోనెపట్టా మీద చతికిలబడడం మాఘమాసంలో ఆ ఊరి ఆడవాళ్ళకి మామూలే. పెదకాకాని దాటితే ఎటు చూసినా ఎర్రగా కల్లాలే. తాలుకాయలు ఏరి పక్కన పడేస్తారు, మంచికాయలకి తొడిమలు తీస్తారు. మాటలు మాత్రం ఎవరూ ఏరరు, నోటికి ఏదొస్తే అది అనేస్తారు.

చేతుల మంటా మామూలే. అయితే ఆ మంట అక్కడే ఉండిపోదు, దూరాన ఉన్న సొంతమనిషి చేతుల్లోకి పోతుంది. ఎండ కాస్తే వడియాలు ఎండుతాయని ఎవరైనా పనిగట్టుకుని చెప్పుకుంటారా? ఇదీ అంతే. ఖతర్లో క్రేను నడిపే వీరబాబు ఫోన్ చేసి, "అమ్మా, హ్యాండిల్ పట్టుకోలేక చస్తన్నా. ఉత్తి చేతుల్తో కాయ ముట్టుకోమాక" అని గోలపెడితే, వాళ్ళమ్మ హనుమాయమ్మ రెండు చేతులకీ పాలిథిన్ కవర్లు కట్టుకుని మరీ కూర్చుంటుంది.

సంతోషకుమారికి ఆ బెడద లేదు. ఆమె కూతురు రెబెకా ఉండేది కిర్గిజిస్తాన్‌లో, మంచు కురిసే ఊళ్ళో. అక్కడే ఎంబీబీఎస్ చదివి, అక్కడే పీజీలో చేరింది. తల్లి కల్లంలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల గ్లవుజులు కొన్నదే లేదు.

అలాంటిది మొన్న దీపావళి వెళ్ళాక రెబెకా పరీక్ష తప్పింది. పేపర్లన్నీ బాగానే రాసింది, తప్పింది రోగి మంచం దగ్గర. కడుపు మీద చెయ్యి వేసి, లివరు ఎంత వాచిందో వేళ్ళతో చూసి చెప్పాలి. ఆమె చెయ్యి తగలగానే రోగి ఉలిక్కిపడి పొట్ట బిగబట్టాడు. ఇక లోపల ఏముందో దేవుడికే ఎరుక. "ఐసుముక్కలా ఉందమ్మా నా చెయ్యి" అని ఫోన్లో ఏడ్చింది. ఇంకొక్కసారి చూస్తామన్నారు. అదీ తప్పితే సీటు పోతుంది.

తప్పెవరిదో సంతోషకుమారికి తెలుసు. కల్లాల్లో పనిలేని ఆ రోజుల్లో తను కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల మూతులు కుట్టే పనికి పోయింది. ఎండ తగలని పని దొరికిందని సంబరపడింది. మంట పోయే దారినే చలీ పోతుందన్న ఇంగితం లేకపోయింది. కన్నబిడ్డ చేతులు తనే గడ్డకట్టించి, ఆ బిడ్డ పాసవ్వాలని ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళూనింది.

ఇవాళ రెండో పరీక్ష. తెల్లారగానే వచ్చి, ఘాటుకి పేరుపడ్డ తేజ కాయల రాశి ముందు కూర్చుంది. చేతికి చుక్క నూనె కూడా రాసుకోలేదు.

రెబెకా ఫోన్ చేసింది. "అమ్మా, ఇవాళ మంచు మరీ ఎక్కువగా ఉంది. నీ వేడి తెలుస్తోంది గానీ చాలట్లేదే. ఇంకాసేపట్లో పిలుస్తారు."

సంతోషకుమారి మోచేతుల దాకా కాయల్లో దూర్చింది. కళ్ళ వెంట నీళ్ళు.

"ఒక్కదానివే అట్టా కాల్చుకుంటే ఏమొస్తది?" అంది హనుమాయమ్మ.

"మరేం చెయ్యమంటావొదినా? నీ మంట నీ కొడుక్కే పోద్ది గానీ నా పిల్లకి పోదుగా."

"నన్ను వదినా అని పిలుస్తన్నావా లేదా? మరి నీ కూతురు నాకేమవుద్ది?"

"మేనకోడలు."

"మరింకేం." హనుమాయమ్మ కొడుక్కి ఫోన్ కలిపింది. "ఒరేయ్, ఇయ్యాల నీ మరదలికి పంపుతున్నా. దారితప్పి నీకొస్తే ఓర్చుకో. కాసేపు క్రేను దిగి కూర్చో." కవర్లు పీకేసి, "నా మేనకోడలికి" అంటూ రెండు చేతులూ రాశిలో పెట్టింది.

"నా అక్క కూతురికి" అంది పక్కనున్న నసీమున్నీసా. పిన్నులూ పెద్దమ్మలూ లేచొచ్చి రాశి చుట్టూ కూర్చున్నారు. అంతమంది చుట్టాలున్నారని సంతోషకుమారికి అప్పటిదాకా తెలియదు. ఎవరూ తొడిమ తీయలేదు. కాయలు పిడికిళ్ళతో నలుపుతూ, పళ్ళ బిగువున మంట ఓర్చుకున్నారు.

మధ్యాహ్నం అన్నాల వేళకి ఫోన్ మోగింది. సంతోషకుమారి స్పీకర్లో పెట్టింది.

"అమ్మా, పాసయ్యాను. గొర్రెలు కాసుకునే ముసలాయన. చెయ్యి వెయ్యగానే హాయిగా కళ్ళు మూసుకున్నాడు. పొట్ట మెత్తబడిపోయింది. లివరు అంచు తెలిసింది, ఇంకెవరికీ అందని గడ్డ కూడా తగిలింది. టైముకి కనిపెట్టావన్నారు. ఆయన బతుకుతాడమ్మా."

కల్లమంతా సంబరంతో గొల్లుమంది.

"పెద్ద ప్రొఫెసరు షేక్‌హ్యాండ్ ఇచ్చి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. ఎంత మంచి మనసో అని వార్డంతా చెప్పుకుంటోంది."

ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. సంతోషకుమారికి మాత్రం ఏడుపు ఆగలేదు. తుడుచుకుందామంటే అక్కడున్న ఒక్క చెయ్యీ కంటికి పనికొచ్చేది కాదు. హనుమాయమ్మ తన భుజం ముందుకు జరిపింది. "ఇక్కడ తుడుచుకో, డాక్టరమ్మ తల్లీ" అంది.